ఆది జాకెట్టు

వీధిలో ఆఖరి టైలరు మస్తాను కొట్టు మూతపడ్డాక ఇంటింటికీ తెలివైన కుట్టుమిషన్లు వచ్చాయి. నెట్‌లో నచ్చిన వీడియో చూపించి, కొలతకి ఆది జాకెట్టు ఒకటి పరిస్తే చాలు, మిషనే గుడ్డ కత్తిరించి కుట్టేస్తుంది.

వకుళ తన అక్క హైమ పాత జాకెట్టు పరిచింది. పక్కన, హైమ రెండేళ్లుగా దాచుకున్న నెమలికంఠం రంగు పట్టుముక్క పెట్టింది.

పావుగంటలో కొత్త జాకెట్టు వచ్చింది. హైమ తొడుక్కుని అద్దంలో చూసుకుని, గబుక్కున పైట లాక్కుంది. ఎడమవైపు గుడ్డ ఖాళీగా ఉబ్బి ఉంది.

“ఆది జాకెట్టులో లోపం ఉంది మేడమ్. ఎడమవైపు తగ్గింది. వీడియోలోలాగా రెండు వైపులా సమానంగా సరిచేశాను,” అంది మిషన్.

“సరిచెయ్యమని ఎవరడిగారే నిన్ను?” వకుళ అరిచింది. “ఆపరేషన్‌లో మా అక్కకి ఎడమ రొమ్ము తీసేశారు! ఆ జాకెట్టు కుట్టిన మస్తాను ఒక్క ప్రశ్న వేశాడా? తలొంచుకుని కుట్టిచ్చాడు!”

“ఊరుకోవే. దానికేం తెలుసు?” అంది హైమ.

“తెలీకపోతే ఆది చూసి కుట్టాలి! ఆది అంటే అదేగా!”

“సవరణ నచ్చితే అయిదు స్టార్లు ఇవ్వండి,” అంది మిషన్.

వకుళ ప్లగ్గు పీకేసింది. ఎడమవైపు కుట్లన్నీ విప్పి, సూదీ దారం తీసుకుని కూర్చుంది. కోపంలో గబగబా గుచ్చేసరికి మొదటి కుట్టే పక్కకి పోయింది.

“వంకరొచ్చిందే,” అంది హైమ.

“రానీ. నీ ఒంటికి కుడుతున్నా, వీడియోకి కాదు.”