పేరు చెక్కని గూడు

"ఇదే," అంది గ్లెనిస్, శవపేటికలు పెట్టే శ్మశానం గోడలో మూడో వరసలోని ఒక గూడు చూపిస్తూ.

రోజలిండ్ తెల్ల పూలగుత్తి పట్టుకుని దగ్గరికి వెళ్లింది. గూటికి పలక లేదు, పేరు లేదు. సిమెంటు పూసి, పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో 43 అని గీశారు. అంతే.

"రెండేళ్లయింది కదండీ. పేరైనా చెక్కించలేదా?"

"రాయి చెక్కేవాణ్ణి అడిగితే రేపు అంటాడు. ఈ దీవిలో రేపు అంటే ఎప్పుడో నీకేం తెలుసు? వారం రోజుల చుట్టానివి. పద్నాలుగేళ్లుగా పడుతున్నదాన్ని నేను."

రోజలిండ్ నమ్మింది. స్పెయిన్ వాళ్ల దీవి లాన్సరోతేకు ఎండ కోసం వచ్చే ఇంగ్లీషువాళ్లకు బీరు అడగడానికి సరిపడా స్పానిష్ వస్తే గొప్ప. ఇక్కడ కాపురమున్నవాళ్లు ఏం చెబితే అదే వాళ్లకు వేదం.

రోజలిండ్ ఒకప్పుడు ఇంగ్లండులోని స్టాక్‌పోర్టులో గ్లెనిస్ భర్త నార్మన్‌తో ఒకే ఆఫీసులో పనిచేసింది. "పాత స్నేహితురాలిగా పూలు పెట్టి వెళ్లిపోతాను" అని ఉత్తరం రాసి మరీ వచ్చింది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. నార్మన్ పళ్ల డాక్టరు కోసమని ఏడాదికి మూడుసార్లు ఇంగ్లండు వెళ్లేవాడు. పదకొండేళ్లలో ముప్ఫైమూడు సార్లు. మనిషికి ఉండేదే ముప్ఫైరెండు పళ్లని గ్లెనిస్ పిచ్చిదానికి ఏనాడూ తట్టలేదు.

చివరికి నార్మనే చెప్పాడు. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం బాల్కనీలో గ్లాసు కింద పెట్టి, "నేను రోజలిండ్ దగ్గరికి వెళ్లిపోతున్నాను, గ్లెనీ" అన్నాడు. మర్నాడు పొద్దున సగం సర్దిన పెట్టె పక్కనే కుప్పకూలాడు. అతను ముందురోజే అంతా చెప్పేశాడన్న సంగతి రోజలిండ్‌కు తెలియదు.

నాలుగో రోజున గ్లెనిస్ ఆమెకు ఫోన్ చేసింది. "నార్మన్ పోయాడమ్మా. గోడలో పెట్టేశాం కూడా. ఇక్కడి పద్ధతి అంతే."

పద్ధతి అదే. మా దీవిలో శవానికి ఒకటి రెండు రోజులకు మించి గడువివ్వరు. ఇంగ్లండులో వాళ్లు నల్లబట్టలు ఇస్త్రీ చేసుకునేలోపు ఇక్కడ సిమెంటు ఆరిపోతుంది. ఆలస్యంగా దిగినవాళ్లు గోడను చూసి ఏడ్చి పోవాల్సిందే.

రోజలిండ్ అదే చేస్తోంది. నుదురు సిమెంటుకు ఆనించి వెక్కివెక్కి ఏడుస్తోంది. గ్లెనిస్ కాసేపు కన్నార్పకుండా చూసింది. ఆనందంగా ఉంది. దాచుకోవడం ఎందుకు, చాలా ఆనందంగా ఉంది.

"ఇంతకీ నువ్వెందుకే అంతలా ఏడుస్తున్నావు? ఆయనేమన్నా నీ మొగుడా?"

రోజలిండ్ గభాలున కళ్లు తుడుచుకుంది. "అబ్బే... మంచి మనిషి కదా అని."

శ్మశానం కాపరి ఫుల్హెన్సియో నీళ్ల బకెట్టుతో అటు వచ్చాడు. "దోన్యా గ్లెనిస్!" అని మర్యాదగా పిలిచి, టోపీ తీసి, స్పానిష్‌లో ఏదో అడిగాడు. గ్లెనిస్ రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేసింది.

"ఏమంటున్నాడు?"

"నార్మన్ గురించి అడిగాడు. ఊళ్లో ఎవరు కనబడినా ఆయన్నే అడుగుతారు."

ఆ మాటకు రోజలిండ్ మళ్లీ కరిగిపోయింది. "ఆయన రోజూ కూర్చునే ఇంగ్లీషు బారు ఉందట కదా. ఒక్కసారి అక్కడికి వెళ్దామా?"

"వద్దు. ఆ గుంపులో ఒక్కడి నోటికీ తాళం ఉండదు."

"పోనీ, మీ ఇల్లు?"

"రంగులేస్తున్నారు. కాలు పెట్టే సందు లేదు."

రోజలిండ్ పూలు గూటి అంచున సర్దింది.

"గ్లెనిస్ గారూ, మీతో ఒక మాట చెప్పాలి. వచ్చే నెల నాకు ఉద్యోగం అయిపోతుంది. వెనకాముందూ ఎవరూ లేరు. ఇక్కడే చిన్న ఇల్లు చూసుకుందామనుకుంటున్నా. ఆదివారం ఆదివారం వచ్చి పూలు పెడతాను. మీకూ తోడుగా ఉంటుంది."

ఇదొక్కటి గ్లెనిస్ లెక్కలో లేదు. ఇన్నాళ్లుగా కాపాడుకొచ్చింది ఇంకో నెలలో చేజారిపోతుంది.

ఎదురుగా రోజలిండ్ ఆశగా చూస్తోంది.

"చివర్లో ఆయన... ఏమన్నా అన్నాడా? ఎవర్నన్నా తలచుకున్నాడా?" అని మెల్లగా అడిగింది.

గ్లెనిస్‌కు దారి దొరికింది.

"తలచుకోకేం? నా చెయ్యి వదల్లేదు. 'గ్లెనీ, ఇంగ్లండులో ఒక వెర్రిబాగులది నా వెంటపడింది, ఎలా వదిలించుకోవాలో తెలియక పదకొండేళ్లు నీతో అబద్ధమాడాను, క్షమించు' అన్నాడు. ఎవరో ఏమిటో పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. పోయేవాణ్ణి ఏమడుగుతాం?"

రోజలిండ్ గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత తనే పెట్టిన పూలు తనే తీసుకుని, పక్కనున్న చెత్తబుట్టలో పడేసింది.

"నేను రేపే వెళ్లిపోతానండీ."

"అయ్యో, అప్పుడేనా? ఇల్లు చూసుకుంటానన్నావు?"

"ఇక్కడి ఎండ నాకు పడేట్టు లేదు."

గ్లెనిస్ ఆమెను దీవి అవతలి కొసనున్న హోటలు దగ్గర దింపింది. కౌగిలించుకుంది కూడా. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్లను దగ్గర నుంచి చూడాలనిపించింది మరి. ఇక ఈ జన్మలో ఈ మనిషి లాన్సరోతే మొహం చూడదు. దారంతా కిటికీ దించుకుని, కూనిరాగం తీస్తూ కారు నడిపింది.

ఇల్లు చేరి తలుపు తీయగానే, చక్రాల కుర్చీలోంచి నార్మన్ వంకరపోయిన మూతిని కూడదీసుకుని, రెండేళ్లుగా రోజూ అడిగే మాటే అడిగాడు: "ఇవాళైనా రోజలిండ్ ఫోన్ చేసిందా, గ్లెనీ?"