మలుపులో బయటి పక్క

మచ్చన్న అనే ముసలి ఎద్దు పన్నెండేళ్లుగా కాడికి ఎడమ పక్కే నడిచాడు. కుడి పక్క నడిచే జతగాడు కర్రెన్న మొన్న ఎండల్లో కన్నుమూశాడు. తొలకరికి వాడి చోటికి పుల్లడనే కుర్ర ఎద్దు వచ్చాడు.

పుల్లడికి ఎడమ కన్ను కనిపించదు. పక్కనున్న మచ్చన్న కనబడక, కాడి కదిలినప్పుడల్లా బెదిరి చాలు తప్పేవాడు.

"నన్ను సంతకి తోలేస్తారు మామా," అన్నాడు మూడోనాడు, గడ్డి ముట్టకుండా.

మర్నాడు రైతు కాడి తేగానే మచ్చన్న వెళ్లి కుడి పక్క నిలబడ్డాడు. ఎంత అదిలించినా కదల్లేదు.

"ఈ వయసులో పక్క మారతావా? తడబడితే పరువు పోదూ?" అంది గట్టు మీది కొంగ.

"పోతే పోనీలే. వాడికి నేను కనబడాలి కదా."

తడబడ్డాడు కూడా. పుల్లడు మాత్రం మంచి కంటితో మామను చూసుకుంటూ కుదురుగా నడిచాడు.

ఆ చేలో ఎప్పుడూ ఎడమకే తిరగాలి. మలుపు దగ్గర పుల్లడికి నాలుగడుగులు సరిపోయాయి. బయటి పక్కనున్న మచ్చన్న చుట్టూ తిరిగి పదడుగులు వేయాల్సి వచ్చింది. మూడో మలుపుకే రొప్పు వచ్చేసింది.

"అలిసిపోయావా మామా?"

"అది కాదురా. మలుపు తిరిగాక కర్రెన్న రొప్పుతుంటే, ఒట్టి బద్ధకస్తుడని ఇన్నేళ్లూ నవ్వాను," అన్నాడు మచ్చన్న. "వాడు ఒక్కనాడూ చెప్పలేదురా."

పుల్లడు నాలుగో మలుపు దగ్గర అడుగు నెమ్మది చేశాడు.