మానేసిన పరుగు

తెల్ల కేన్వాసు బూట్లు వంటింటి గోడ మేకుకి వేలాడుతున్నాయి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ధనరాజు మాస్టారే వాటినక్కడ తగిలించారు.

"ఇంక నావల్ల కాదు," అన్నారు భార్యతో. "మోకాలు మాట వినడం లేదు."

"మంచిదేనండి," అంది దానమ్మ. "ఇన్నాళ్ళు పరుగెత్తేరు, చాలు."

ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు. ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతారు. కిందటి వేసవిలో అమలాపురం డాక్టరు బీపీ ఉందని చెప్పి, పొద్దున్నే నడవమన్నాడు. నడక మొదలెట్టిన వారానికే ఎందుకో పరుగెత్తాలనిపించింది. పరుగెత్తారు. కాలవగట్టు మీద లాకుల దాకా, మళ్ళీ వెనక్కి.

మొదట్లో ఎవరూ లేపక్కర్లేకుండానే మెలకువ వచ్చేది. వానలు పట్టాక ఒకరోజు మానేశారు. తర్వాత వరసగా రెండు రోజులు. క్రిస్మస్ వెళ్ళాక చలి, దుప్పటి, మోకాలి నొప్పి. లేవకుండా ఉండడానికి రోజుకో కారణం దొరికేది.

మొత్తానికి మానేశాక ప్రాణం హాయిగా ఉంది.

సోమవారం సాయంత్రం బడి నుంచి వస్తుంటే వంతెన దగ్గర కొండబాబు స్కూటరు ఆపాడు. ఊరి మోతుబరి రాఘవులుగారి పెద్దకొడుకు. మాస్టారుండే పేట నుంచి కాలవగట్టుకి వెళ్ళాలంటే వాళ్ళ వీధి మీదుగానే వెళ్ళాలి.

"మాస్టారండీ, చిన్నమాట."

"చెప్పండి."

"ఆ పరుగేదో మీ పేటలోనే పెట్టుకోండి. పొద్దున్నే నాన్నగారు అరుగు మీద కూర్చుంటారు. ఎదురుగా బూట్లేసుకుని మీరలా వెళ్తుంటే బాగుండట్లేదండి."

మాస్టారు చేతిలో సంచీ రెండో చేతికి మార్చుకున్నారు.

"నాకేం లేదండి. కుర్రాళ్ళే, ఊరుకునేలా లేరు. మీ మంచికే చెబుతున్నానండి."

స్కూటరు వెళ్ళిపోయింది.

'మానేశానండి' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అబద్ధమేం కాదు. అనేస్తే అక్కడితో అయిపోయేది.

అనలేదు.

ఆ వీధిలో మాస్టారి నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు.

మంగళవారం తెలతెలవారుతుంటే మేకు మీంచి బూట్లు దించారు.

దానమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. వంతెన దగ్గర మాటలన్నీ ఆమెకి తెలుసు.

"మానేశానన్నారు."

"వాళ్ళు చెప్పకముందే మానేశాను."

"ఆ సంగతి మనకి తెలుసుగా అండి."

"మనకే తెలుసు."

ఆమె కింద కూర్చుని ఆయన బూటు తాళ్ళు తనే కట్టింది. రెండేసి ముళ్ళు వేసింది.

"ఊడిపోతే అక్కడ వంగాల్సొస్తుందండి."

వీధి మొదట్లో అంతా మామూలుగానే ఉంది. తడి కళ్ళాపి వాసన. ఎవరింట్లోనో పాలు పితుకుతున్న చప్పుడు.

మలుపు తిరిగేసరికి రాఘవులుగారి ఇంటి ముందు ఎడ్లబండి. ఎద్దులు లేవు. దారికి అడ్డంగా, గోడ నుంచి మురుక్కాలవ దాకా పెట్టి ఉంది. చక్రాలకి ఆనుకుని ముగ్గురు నిలబడ్డారు. కొండబాబు పక్కనే వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

అరుగు మీద పెద్దాయన పేపరు చదువుతున్నారు.

మాస్టారు వేగం తగ్గించలేదు. బండి దగ్గరికంటా వచ్చి, ఉన్నచోటే కాళ్ళాడిస్తూ ఉండిపోయారు. ఆగితే మోకాలు బిగుసుకుపోతుంది. బిగుసుకుంటే కుంటాలి.

"బండి కొంచెం తీయించండి, కొండబాబుగారూ."

"ఎద్దులు చేలోకెళ్ళేయండి." కొండబాబు ఉమ్మేసి పుల్లతో చూపించాడు. "పక్కనించి దిగి వెళ్ళండి."

పక్కన మురుక్కాలవ. మోకాలి లోతు బురద.

"ఎద్దులొచ్చేదాకా ఉంటానండి," అన్నారు మాస్టారు.

ముగ్గురిలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు పదో తరగతి రెండుసార్లు లెక్కల్లో తప్పి, మాస్టారింట్లో కూర్చుని చదివి గట్టెక్కినవాడు. వాడు చక్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

మోకాలి చిప్ప కింద నిప్పు పెట్టినట్టుంది. చెమట కంట్లోకి కారుతోంది. తుడుచుకుందామని చెయ్యి సగం ఎత్తి, దాన్ని దండం అనుకుంటారేమోనని దించేశారు.

నేల మీద బూట్ల చప్పుడొక్కటే వినిపిస్తోంది.

పేపరు పేజీ తిరిగింది.

"తీయరా," అన్నారు రాఘవులుగారు తలెత్తకుండా. "పాలవాళ్ళొచ్చే వేళయింది."

కొండబాబు కదల్లేదు.

"నీకే చెబుతున్నాను."

కొండబాబు కాడి ఎత్తి, ఎవరినీ రానివ్వకుండా తనొక్కడే బండిని ఈడ్చాడు. మనిషి పట్టేంత సందు ఇచ్చి వదిలేశాడు.

మాస్టారు ఆ సందులోంచి పరుగెత్తారు. వీధి చివరి ఇల్లు దాటేదాకా కుంటలేదు. గట్టెక్కి నాలుగు కొబ్బరిచెట్లు దాటాక, ఒక చెట్టు మొదట్లో కూలబడిపోయారు.

లాకుల దాకా వెళ్ళలేదు. నొప్పి కాస్త తగ్గేదాకా కూర్చుని లేచారు. తిరిగి రావాల్సిందీ ఆ వీధిలోంచే.

వచ్చేసరికి పెద్దాయన అరుగు మీద లేరు. కుర్రాళ్ళు లేరు. బండి గోడవారకి చేరింది. దాని పక్కన కొండబాబు ఒక్కడే ఉన్నాడు.

"రేపూ వస్తారాండీ?"

చాలా మర్యాదగా అడిగాడు.

"ఆయ్," అన్నారు మాస్టారు, పరుగు ఆపకుండా.

ఇంటికొచ్చి మంచం మీద కాలు చాపితే మోకాలు బూరెలా పొంగి ఉంది. దానమ్మ చూసింది. అక్కడేం జరిగిందని అడగలేదు.

"రేపు వస్తానని చెప్పాను," అన్నారాయన.

ఆమె పొయ్యి మీద పెనం పెట్టి, కాపడానికి కళ్ళుప్పు వేయించడం మొదలెట్టింది.

కాసేపటికి జాడీలోంచి, రేపటికని, ఇంకో గుప్పెడు తీసి పోసింది.