మైనస్ ఇరవై సంచి

హిమాలయాలు నాకు పెరటితో సమానం. ఎడారులైతే వాకిలి. కొండలకూ ఎడారులకూ కావలసిన సామాను అమ్మే దుకాణం కావలిలో నాదొక్కటే కాబట్టి, ఈ మాట రోజుకు నాలుగుసార్లు చెప్పేవాణ్ణి.

నేనెక్కిన అతి పెద్ద కొండ పెంచలకోన. అదీ బస్సు ఆగే చోటిదాకా. నేను దాటిన ఎడారి మైపాడు బీచిలో రోడ్డు దిగిన దగ్గర్నుంచి బజ్జీల బండి దాకా ఉంటుంది. మే నెల, మిట్టమధ్యాహ్నం, ఒక చెప్పు తెగింది.

ఆనందకుమారి నా దుకాణంలో అడుగుపెట్టిన నిమిషానికే ఆమె నాకు నచ్చలేదు. నవ్వదు. కూర్చోమంటే కూర్చోదు. కూతురు అబిగయీలు కాలేజీ వాళ్ళతో కలిసి హిమాలయాల్లో ట్రెక్కింగుకు పోతోందట. మర్నాడే రైలు.

ముందు అరలోంచి బూట్లు తీసింది. రెండుగా వంచింది. అడుగు గోటితో గీకింది.

"ఇది కొండకా, పెళ్ళికా?"

"రెండిటికీ పనికొస్తాయక్కా."

వీపు సంచి తీసి జిప్పు పదిసార్లు లాగింది. పదకొండోసారి అది చేతిలోకొచ్చింది. దాన్ని నా బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. తిట్టినా బాగుండేది.

"రాత్రిళ్ళు మైనస్ పన్నెండు ఉంటదంట. దానికి తట్టుకునే స్లీపింగ్ బ్యాగు ఉండాదా?"

నీలం రంగుది తీసి పరిచాను. మీద స్టిక్కరు మెరుస్తోంది: మైనస్ ఇరవై.

"దీన్లో ఎవురన్నా పడుకున్నారా?"

"నేనే పడుకున్నా, మంచు మీద. తెల్లారి లేచి చూస్తే పక్కన కట్టేసిన జడలబర్రె బిగుసుకుపోయుండాది. నాకు ఉక్కపోసింది."

"ఎడారికో?"

"ఎడారికీ ఇదేనక్కా. తిరగేసుకొని పడుకుంటే చల్లగా ఉంటది."

ఆమె నన్ను చేప మొప్పలు ఎత్తి చూసినట్టు చూసింది.

"నాకుండేది ఒక్కటే బిడ్డ అబ్బయా. ఈ సంచి మాట తప్పితే అది తిరిగి రాదు. నేను రొయ్యల కంపెనీలో కోల్డ్ స్టోరేజీ సూపర్వైజర్ని. మా మూడో రూము మైనస్ పద్దెనిమిది. నీ సంచికి ఇంకా రెండు డిగ్రీలు మిగులతాయి. పా, దీన్లో అరగంట పడుకో. నవ్వతా బయటికొస్తే బ్యాచిలో పిల్లోళ్ళందరికీ నీకాడే కొనిపిస్తా."

"దుకాణం ఎవరు చూస్తారక్కా?"

"ఎవురన్నా వస్తే గదా."

అలా పోయాను. మాట పడి ఊరుకునే రకం కాదు నేను.

కంపెనీ హాల్లో ఆడవాళ్ళు పొడుగు బల్లల ముందు నిలబడి రొయ్యలు ఒలుస్తున్నారు. ఆనందకుమారి మందపాటి కోటు తొడుక్కుంది. చెవులు మూసే టోపీ పెట్టుకుంది. చేతులకు గ్లవుజులు, కాళ్ళకు మోకాళ్ళ దాకా బూట్లు. ఆ అవతారం చూసేసరికే నాకు పళ్ళు టకటకమన్నాయి.

"నాకు కోటు?"

"నీకు సంచి ఉండాది గదా."

తలుపు మీద ఎర్రరంగుతో మైనస్ 18 అని రాసి ఉంది. జానెడు మందం తలుపు. నన్ను లోపల పడుకోబెట్టి, మెడ దాకా జిప్పు లాగింది.

"తలుపుకు గొళ్ళెం పెట్టను. ఈడనే నిలబడుంటా. తట్టుకోలేకపోతే పిలువు."

తలుపు మూసుకుంది. చీకటి.

మొదటి నిమిషంలో చెవులు పోయాయి. ఏ చప్పుడూ లేదు. చలికి చెవులు పనిచేయడం మానేస్తాయని అప్పుడే తెలిసింది.

రెండో నిమిషంలో ఒళ్ళంతా మంట. చలి మరీ ముదిరితే మండినట్టే ఉంటుందని ఎక్కడో చదివాను. ఇంత తొందరగా ముదురుతుందని అందులో రాయలేదు.

మూడో నిమిషంలో నుదుటి మీద నుంచి నీళ్ళు కారాయి. మంచు నా మీద పడి కరుగుతోందని అర్థమైంది. అంటే నాలో ఇంకా కొంచెం వేడి ఉంది. అది అయిపోతే నా పనీ అయిపోతుంది.

నాలుగో నిమిషంలో అరిచాను.

"అక్కా, తలుపు తియ్యి. ఆ స్టిక్కరు నేనే అంటించినా."

"వినపడలే. గట్టిగా చెప్పు."

"స్టిక్కర్లు మన కావలిలోనే కొట్టిస్తుండా. ఈ సంచి మంచుకు పనికిరాదు. మన డిసెంబరుకు కూడా అనుమానమే."

"జడలబర్రె?"

"బొమ్మలో చూసినా."

"నీకాడ నిజమైన సంచి ఒకటన్నా ఉండాదా?"

"షోకేసులో ఎర్రది. అదొక్కటే అసలుది. అది తీసుకో, తలుపు మాత్రం తియ్యి."

తలుపు తెరుచుకుంది. సంచితో సహా దొర్లుకుంటూ బయటికొచ్చాను. ఒలిచే రొయ్యలు వదిలేసి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు.

"ఏందక్కా, ఈయన హిమాలయాల్లో కూడా నాలుగు నిమిషాలే ఉండినాడా?" అంది వాళ్ళలో పోలేరమ్మ అనే ఆవిడ.

ఆనందకుమారి నవ్వలేదు. నన్ను ఆటో ఎక్కించి దుకాణానికి తీసుకొచ్చింది. ఎర్ర సంచి తీయించింది. మిగతా పద్నాలుగు సంచుల స్టిక్కర్లు ఒక్కొక్కటే నా చేతనే పీకించింది.

అబిగయీలు మర్నాడు ఎర్ర సంచితో రైలెక్కింది.

ఇన్ని ఒప్పుకున్నాక ఇదొక్కటీ దాచడమెందుకు: ఆ మూడో గదిని చల్లబరిచే మిషను చెడిపోయి అప్పటికి పది రోజులైందట, చెన్నై నుంచి మెకానిక్ ఇంకా రాలేదట.