బొత్తాల పండితుడి ఇంట్లో దొంగ

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకోండి. నా రాత నత్తనడకే గానీ, దొంగ మాత్రం వెంటనే వస్తాడు.

దొంగ ఆ ఇంటి సంగతి పేపర్లో చదివాడు. దొరల కాలం నాటి వెలకట్టలేని చిత్రం ఒకటి ఓ ముసలి దంపతుల ఇంట్లో ఉందనీ, కాపలా లేదనీ, వీధి తలుపుకు గడియ కూడా సరిగ్గా పడదనీ మూలన చిన్న వార్త.

"ఇంత వివరంగా రాయించిన వాళ్ళెవరో గానీ, వాళ్ళ కడుపు చల్లగుండ!" అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడిగి, సంచి తగిలించుకుని, మ్యూజియం ఆఫీసరునంటూ పట్టపగలే బయల్దేరాడు. బొమ్మ పుస్తకమంతే ఉంటుందట. ముసలాయన అటు తిరగ్గానే సంచిలో వేసుకోవడమే. సందు చివర వాడి బావ వ్యానుతో కాచుకుని ఉన్నాడు.

ఇంటాయన ఒకప్పుడు దర్జీ. కాలేజీ గుమ్మం ఎక్కలేదు. చిత్తుకాగితాల కొట్లో దొరికిన పుస్తకాలు చదివి, బొమ్మల్లోని దొరల కోట్లకున్న కుట్లూ బొత్తాలూ చూసి, ఏ చిత్రం ఏ కాలానిదో చెప్పేవాడు. వీధిలో అందరూ బొత్తాల పండితుడనేవారు. ఆయన ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవారు.

తలుపు ఆయన భార్య తీసింది. రెండు చెవుల్లోనూ దూది. దొంగ నమస్కారం పెడితే పలకకుండా లోపలికి చెయ్యి చూపించింది.

"బావా, ముసలమ్మకు చెవుడు. పని సులువు" అని ఆమె ఎదురుగానే ఫోన్లో చెప్పాడు వాడు.

"రండి, రండి!" పండితుడు వాడి చేతిలో భూతద్దం పెట్టి, ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ చిన్న బొమ్మ చూద్దామనండీ..."

"చివరి గదిలో ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఇవన్నీ చూడాలి. ఇదిగో, ఈ దొర కోటుకు ఒక్క బొత్తాం వేరే రంగు. ఎందుకంటారు?"

"ఊడిపోయి ఉంటుందండీ."

"అక్కడే అందరూ పొరబడతారు!"

ఆ ఒక్క బొత్తాం పూర్తయ్యేసరికి దొంగకు కాళ్ళు పీకాయి. తరవాత దొరసాని చేతి కుచ్చులు. తరవాత గొడుగు పట్టిన నౌకరు తలపాగా. ఆయన్ని కదిలిద్దామని దొంగ దాహమన్నాడు. భార్య నీళ్ళు తెచ్చింది. ఆకలన్నాడు. భార్య భోజనం తెచ్చింది. తింటున్నంతసేపూ ఆయన జేబు మూతల గురించి చెప్పాడు.

ఫోన్లో బావ కేకలు. "ఏరా, బొమ్మ తెస్తున్నావా, గీస్తున్నావా?"

మూడో గదిలో దొంగ కూలబడ్డాడు. "బాబాయిగారూ, నేను ఆఫీసర్ని కాను, దొంగని! మీ కాళ్ళు పట్టుకుంటా, పోలీసుల్ని పిలవండి!"

"పిలుద్దాంలే, తొందరేముంది? ముందు ఈ కాలరు చూడు. మెడకు ఎందుకంత బిగుతుగా ఉందంటావు?"

దొంగ చెయ్యి విదిలించుకున్నాడు. సంచీ చెప్పులూ వదిలేసి, వెనక్కి చూడకుండా ఒకటే పరుగు.

పండితుడు గుమ్మంలో నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "బుద్ధిగా వినేవాడు. అసలు బొమ్మ దాకా ఒక్కరూ ఆగరేమిటే?"

భార్య చెవుల్లోంచి దూది తీసి, తీరిగ్గా ఫోను అందుకుంది.

"విలేకరి బాబేనా? ఆ గడియ పడని ఇంటి వార్త రేపు మళ్ళీ వెయ్యి నాయనా. ఈసారి కాస్త ఓపికున్న దొంగ రావాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనొక్కదాన్నే వింటున్నాను!"

— చిట్టెమ్మత్త, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు చిన్నకూతురింట్లో, మేడమీద గదిలో ఉంటున్నాను.