నారింజ రంగు వీపు

రాత్రి పడవలోనే వదిలేసిన పెట్టె మూత తీయగానే భీమశంకర్‌కి ఒళ్లు మండిపోయింది.

ఎరబొమ్మలన్నిటికీ ఎవడో రంగు పూశాడు.

చేప ఆకారంలో చెక్కిన కొయ్యబొమ్మలవి. గాలానికి కట్టి విసిరితే నీటిమీద తేలుతూ గంతులేస్తాయి. కింద ఉన్న బాస్ చేప నిజమనుకుని ఎగిరి పట్టుకుంటుంది. నల్లవి, తెల్లవి, కప్పరంగువి, వేసవి మొదలైనప్పటినుంచి ఏరి ఏరి కొన్నాడు. ఇప్పుడు అన్నిటి వీపుమీదా ఒకటే నారింజ రంగు పట్టీ, కళ్లు చెదిరేలా.

సరస్సు ఒడ్డున పడవలు కట్టే డాక్ మీద ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పక్క పడవలో హోబర్ట్ అనే ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఏళ్ల తరబడి పక్కపక్కనే పడవలు కట్టుకుంటున్నా, తలలూపుకోవడమే తప్ప ఇద్దరికీ మాటల్లేవు.

"నువ్వేనా ఈ పని చేసింది?"

"నేనే."

"ఎందుకు?"

"పొట్ట ముట్టుకోలేదు చూడు. కిందనుంచి చేపకి కనబడేది పొట్టే. వీపు దానికి కనబడదు."

"చేపల సంగతి నాకు చెప్తావా? నా వస్తువుమీద చెయ్యెందుకు వేశావు?"

"ఒక్కసారి విసిరి చూడు, శంకర్."

"నీ సలహా ఎవడడిగాడు!"

పెట్టె దబాల్న మూసి కార్‌లో పడేసుకుని ఇంటికొచ్చేశాడు.

అసలే ఆ ఏడాది వేసవంతా ఆయనకి కోపం ముక్కుమీదే ఉంది. చేప పడటం లేదు. నీళ్లు చిమ్మిన చప్పుడు విని గాలం లాగేసరికి అది కాస్తా పోయేది. తప్పంతా రంగుదేనని వారం వారం కొత్త రంగు కొనేవాడు.

"చీరల కొట్లో నేనైనా ఇన్ని రంగులు తిరగెయ్యనండీ," అనేది భార్య లలిత. "ముందు ఆ కళ్లు చూపించుకోండి."

"మళ్లీ ఆ మాటెత్తావంటే ఊరుకోను!"

అమెరికాలో డాల్టన్ అనే ఊళ్లోని ఒక కార్పెట్ మిల్లులో రంగులు సరిచూసే ఉద్యోగం ఆయనది. శాంపిల్‌కీ, కొత్తగా రంగేసిన నూలుకీ వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టెయ్యాలి. ఏడాదిగా ఆయన కళ్లకి అంతా పొగ కమ్మినట్టుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇన్సూరెన్స్‌వాళ్ల ద్వారా మిల్లుకి తెలిసిపోతుందని ఆయన భయం. తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతోపాటు, రేపో మాపో వస్తుందనుకుంటున్న గ్రీన్ కార్డ్ కూడా పోతుంది. అందుకే నూలుని కిటికీ దగ్గరికీ, లైటు కిందికీ తిప్పి తిప్పి చూస్తూ, లలితకి తప్ప ఇంకో మనిషికి తెలియకుండా నెట్టుకొస్తున్నాడు.

"ఆ ముసలాడికి నేనంటే గిట్టదు," అన్నాడు ఇంట్లో అడుగుపెడుతూనే. "మన రంగు మనిషి చేపలు పట్టే క్లబ్‌లో ఉంటే వాడికి కంటగింపు. ఆ మాట మొహంమీద చెప్పే ధైర్యం లేదు. కంప్లెయింట్ ఇస్తాను."

"తొందరపడకండీ. ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి."

"అడిగాను. నేనేనన్నాడు. ఇంకేం అడగాలి?"

క్లబ్ ప్రెసిడెంట్ వేరెవరో కాదు, మిల్లు మేనేజరే. మీటింగ్‌లో సాక్ష్యం కోసం ఒక ఎరబొమ్మని తన ముందు పెట్టుకున్నాడు.

"హోబర్ట్, ఇది నువ్వు చేసిన పనేనా?"

"అవును."

"మా మిల్లులో రంగులన్నీ శంకర్ చూపుమీదే నడుస్తాయి. అలాంటి మంచి మనిషితో నీకేం పని? ఎందుకు చేశావు?"

హోబర్ట్ ఏదో చెప్పబోయాడు. మేనేజర్ వంక చూశాడు. భీమశంకర్ వంక చూశాడు. ఆగిపోయాడు.

"కారణం చెప్పు. చెప్పకపోతే డాక్ దగ్గర నీ చోటు తీసేస్తాం."

"కారణమేం లేదు. బుద్ధి పుట్టింది, పూశాను."

"చూశారా ఆ పొగరు!" భీమశంకర్ లేచి నిలబడి అరిచాడు.

మర్నాడే హోబర్ట్ పడవ విప్పుకుని వెళ్లిపోయాడు. ఎటు వెళ్లాడో ఎవరూ అడగలేదు.

భీమశంకర్ కసికొద్దీ థిన్నర్ పెట్టి బొమ్మలన్నిటినీ తోమాడు. శనివారం డాక్ దగ్గర మేనేజర్ తన దగ్గరుండిపోయిన ఆ ఒక్కటీ తెచ్చిచ్చాడు. నారింజ పట్టీ చూడగానే మళ్లీ ఒళ్లు మండింది. ఏ నాచులోనో చిక్కుకుని తెగిపోతే పీడా పోతుందని, దాన్నే గాలానికి కట్టి దూరంగా, బలంగా విసిరాడు.

బూడిదరంగు నీటిమీద నారింజ చుక్క ఒకటి నిలబడింది.

ఆ వేసవిలో తన ఎర ఎక్కడ పడిందో ఆయన చూడటం అదే మొదటిసారి.

గాలం కదిలించాడు. చుక్క గంతేసింది. దాని పక్కన నీళ్లు చీలడం కనబడింది. చప్పుడు కోసం ఆగకుండా లాగాడు.

పెద్ద చేప పడవలోకొచ్చింది.

"శంకర్! చూపంటే నీదయ్యా!" అవతలి పడవలోంచి మేనేజర్ కేక పెట్టాడు.

భీమశంకర్ చేప వంక చూడలేదు. దాని నోట్లోంచి బొమ్మని తీసి తిరగేశాడు. పొట్ట నల్లగా, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

చేపకి కనబడని వీపుకి ఆ రంగు ఎవరికోసం పూసినట్టు?

వేసవంతా తను పడ్డ పాట్లు పక్క పడవలోంచి ఆ ముసలాయన చూస్తూనే ఉన్నాడన్నమాట. తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది. పక్కన హోబర్ట్ పడవ ఉండే చోట నీళ్లు తప్ప ఏమీ లేవు.

'ఇతనికి చూపు ఆనడం లేదు' అని ఆ రోజు మీటింగ్‌లో ఒక్క మాట అనుంటే, హోబర్ట్ చోటు హోబర్ట్‌కి ఉండేది, భీమశంకర్ ఉద్యోగమే ఉండేది కాదు.