ఎముక అబద్ధమాడదు

"పేర్లొద్దమ్మాయ్, నంబర్లు చాలు," అన్నాడు మాస్టారు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "ఈ ఎంపికలో నా మనవరాలు కూడా ఉంది. రేపు ఎవడూ నా వైపు వేలెత్తి చూపకూడదు."

"మీ ఇష్టం మాస్టారూ," అంది ఎక్స్‌రే గదిలో పనిచేసే టెక్నీషియన్. ఫిల్ముల మీద నంబర్లు వేసింది ఆమే. ఏ నంబరు ఎవరిదో తెలిసింది కూడా ఆమె ఒక్కదానికే.

పరుగు నేర్పే బడికి పిల్లల్ని ఎంచే పెద్దమనిషి ఆయన. ముప్పై ఏళ్ళుగా ఆయనదే ఆఖరి మాట. చదును పాదాల పిల్లలు పరిగెత్తలేరని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించే డాక్టరు ఇంకా పుట్టలేదు.

ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె మాత్రం ఆ గొంతును గుమ్మం అవతల ఉండగానే పట్టేసింది. ఇరవై నాలుగేళ్ళ కిందట, ఆమెకు పదేళ్ళప్పుడు, ఈయనే పిల్లలందరి చేతా బకెట్లో కాళ్ళు ముంచించి సిమెంటు గచ్చు మీద నడిపించాడు. అందరి తడి అడుగులకూ లోపలి వైపు కొరికినట్టు ఖాళీ ఉంది. ఆమె అడుగు మాత్రం నిండుగా పడింది. "ఇది బాతు. పనికిరాదు," అని ఎర్ర పెన్సిలుతో పేరు కొట్టేశాడు. ఒక్కసారి పరిగెత్తించి కూడా చూడలేదు. వీధిలో మగపిల్లల్ని సైతం వెనక వదిలేసే పిల్ల ఆ రోజుతో పరుగు మానేసింది. 'బాతు' మాత్రం పదో తరగతి దాకా ఆమెను వదల్లేదు. ఆ కసితోనే ఎక్స్‌రే చదువు చదివిందంటే అతిశయోక్తి. కాలేజీ ఇంటికి దగ్గరని చదివింది. కసి దాని మానాన అది వెంట వచ్చింది.

ఇవాళ పొద్దున ఎనిమిది మంది పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరినీ ఒత్తిడి కొలిచే చాప మీద నడిపించింది. బరువు ఎక్కడ పడితే తెర మీద అక్కడ ఎరుపు కనిపిస్తుంది. నాలుగో పిల్ల అడుగు మడమ నుంచి వేళ్ళ దాకా ఒకటే ఎరుపు. ఫైల్లో తాతగారి పేరు చూడగానే టెక్నీషియన్ గుండె ఒక్క గంతు వేసింది.

డాక్టరమ్మ ఆ పిల్లను మునివేళ్ళ మీద నిలబెట్టింది. నేలకు అంటుకుపోయిన పాదం కింద చక్కటి వంపు లేచింది. మడమ దించగానే మాయమైంది.

"నొప్పుందా తల్లీ?"

"లేదండీ."

"మెత్తటి పాదం, అంతే. బరువు పడితే ఒదుగుతుంది, తీస్తే లేస్తుంది. ఎక్స్‌రేలు తీసి పంపించెయ్. మందూ వద్దు, ప్రత్యేకం బూట్లూ వద్దు. హాయిగా పరిగెత్తనీ," అని అదే మాట ఫైల్లో రాసేసింది డాక్టరమ్మ.

ఆ ఫైలు ఇప్పుడు బల్ల మీదే ఉంది. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు. తెర మీది రంగులు కూడా చూడనన్నాడు.

"అవన్నీ ఆటబొమ్మలు. ఎముక అబద్ధమాడదు. ఎక్స్‌రేలు పెట్టు."

ఆమె ఒక్కో ఫిల్మూ దీపపు పెట్టె మీద పెట్టింది. ఒకటి, రెండు, మూడు బాగున్నాయన్నాడు. నాలుగోది చూడగానే ముఖం చిట్లించాడు.

"అచ్చం బాతు! ఇలాంటి పిల్లల్ని ఏ ముఖం పెట్టుకుని పంపుతారో ఇంట్లోవాళ్ళు. మా వంశంలో ఒక్కడికీ ఇలాంటి పాదం లేదు."

కాగితం మీద నాలుగుకు ఎదురుగా 'పనికిరాదు' అని పడింది. అదే ఎర్ర పెన్సిలు. అబద్ధమెందుకు, ఆమెకు కడుపు నిండినంత హాయిగా ఉంది.

ఐదు నుంచి ఎనిమిది దాకా గబగబా అయిపోయాయి. తొమ్మిదోది పెట్టగానే మాస్టారు కుర్చీలోంచి లేచాడు.

"ఇదీ పాదమంటే! ఆ వంపు చూడు. ఈ పిల్ల పరిగెత్తడానికే పుట్టింది." తొమ్మిదికి ఎదురుగా 'మొదటి ఎంపిక' అని రాశాడు. "ఇక పేర్లు చెప్పు."

"నాలుగో నంబరు మీ మనవరాలు మాస్టారూ."

పెన్సిలు కింద పడింది.

"దాని ప్రాణమంతా పరుగులోనే ఉందమ్మా. ఈ మాట వింటే అన్నం ముట్టదు."

"నేనూ ముట్టలేదు, రెండు రోజులు."

"నువ్వా?"

"బాతుని. ఆ పేరు పెట్టింది మీరే."

ఆయన ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. గుర్తురాలేదు. ఎంతమందికి పెట్టాడో ఆ పేరు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మాస్టారు వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఈ నంబర్లు నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియవు కదా. నాలుగూ తొమ్మిదీ అటూ ఇటూ చేసేద్దాం."

"మరి తొమ్మిదో నంబరు పిల్ల? పరిగెత్తడానికే పుట్టిందన్నారు."

"నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది."

"ఆ పిల్లకీ ఓ తాత ఉంటాడేమో."

"ఉంటే ఉండనీ! నీకు దణ్ణం పెడతానమ్మా," అంటూ నిజంగానే చేతులు జోడించాడు.

ఆమె రబ్బరు అందించింది. ఆయన తన చేత్తోనే చెరిపి, నాలుగుకు 'మొదటి ఎంపిక' అనీ, తొమ్మిదికి 'పనికిరాదు' అనీ తిరగరాసి, కింద సంతకం పెట్టాడు. ఆమె కాగితం తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత పిల్లల ఫైళ్ళన్నీ ఆయన ముందుకు జరిపింది. మాస్టారు రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదో పిల్లది ఏదీ?"

"ఆ కాలూ మీ మనవరాలిదే మాస్టారూ. నాలుగోది నిలబెట్టి తీశాను, తొమ్మిదోది కూర్చోబెట్టి తీశాను."